పరిగెత్తకూడని పందెం

ఆ రోజుల్లో మా వైపు నడకని ఎవరూ ఒక విద్యగా లెక్కపెట్టేవారు కాదు. కాళ్ళున్నాయి, దారి ఉంది, నడిచేవాళ్ళం. ఇప్పుడు పలాసలో నా జీడిపప్పు యూనిట్‌కి పనిమీద వచ్చినవాళ్ళు ఆఫీసు గోడమీద వేలాడే పాత సర్టిఫికెట్ చూసి, "మేడమ్, మీరు అథ్లెటా! ఏ పందెం? వంద మీటర్లా, రెండొందలా?" అని ఆశ్చర్యపోతుంటారు. నేను "ఏదో అప్పట్లో..." అని నసిగి టీ తెప్పిస్తాను. మా వ్యాపారుల సభలో మైకు పట్టుకునే పెద్దమనిషి ఒకాయన నన్ను "ఒకనాటి పరుగుల రాణి" అని పరిచయం చేస్తే లేచి దండం పెట్టి కూర్చున్నాను కూడా. తప్పే. నిజం చెప్పాలంటే నేను ఏ పందెంలోనూ పరిగెత్తలేదు. పరిగెత్తి ఉంటే ఆ కాగితమూ వచ్చేది కాదు, నా డిగ్రీ కూడా వచ్చేది కాదు. ఇన్నాళ్ళకి ఆ సంగతి మీదగ్గరైనా ఒప్పుకుందామని కూర్చున్నాను.

మాది సంతబొమ్మాళి అవతల, సముద్రపు హోరు ఇంట్లోకి వినిపించే ఊరు. నాన్న తాపీమేస్త్రి. మా గుడిలో (చర్చిని మేం గుడి అనే అంటాం) సంఘపెద్ద కూడా. మాటలు తక్కువ మనిషి. ఇటుక మీద ఇటుక పేర్చేముందు చూసుకున్నట్టు ఒక్కో మాటనీ అటూ ఇటూ సరిచూసుకుని పెట్టేవాడు. అలా పెట్టిన మాటల్లో ఒకటి, నేను రోడ్డు మీద పరిగెత్తకూడదని. దానికి కారణం నేనే. ఏడో తరగతిలో బడిలో మొదటి ర్యాంకు వచ్చిందని చెప్పడానికి ఒక్క పరుగున ఇంటికొచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే సగం వీధి నా వెనకే పరిగెత్తుకొస్తోంది. ఎవరింటికో నిప్పంటుకుందనుకుని ఇద్దరు నీళ్ళ బాల్చీలతో సహా వచ్చారు. (ర్యాంకు సంగతి ఆ గొడవలో ఎవరికీ పట్టలేదు.) అందరూ వెళ్ళాక నాన్న నన్ను కూర్చోబెట్టి, "ఆడగుంట రోడ్డెమ్మట పరిగెడితే సూసినోలు ఏటనుకుంతారు? ఇంటికాడ ఏదో అయిపోనాదనుకుంతారు. ఇంక పరిగెత్తకు. ఎంత తొందరున్నా నడిసే రా" అన్నాడు.

ఆ మాటని డిగ్రీ దాకా మోశాను. టెక్కలి కాలేజీకి వెళ్ళాలంటే మా ఇంటి నుంచి బస్సు ఆగేచోటికి మూడు కిలోమీటర్లు. పొద్దున్న వంటా, బావి నీళ్ళూ అన్నీ అయ్యేసరికి చేతిలో పాతిక నిమిషాలు మిగిలేవి. బస్సు ఎవరికోసమూ ఆగేది కాదు, నేను పరిగెత్తకూడదు. అందుచేత నడిచేదాన్ని. ఎలా నడిచేదాన్నంటే, సైకిల్ మీద పాలు తీసుకెళ్ళే ముసలాయన నన్ను దాటడానికి సీటు మీంచి లేచి మరీ తొక్కేవాడు. ఇదంతా ఒక క్రీడ అని నాకు తెలియదు. ఒళ్ళంతా చెమటతో బస్సెక్కి, కిటికీ దగ్గర కూర్చుని, కాలేజీకి చేరేలోపు ఆరిపోయేదాన్ని.

రెండో సంవత్సరంలో అమ్మ బావి గట్టున జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా నెలన్నర నేను ఇంట్లోనే ఉండిపోయాను. చెయ్యి అతుక్కుంది. నేను మళ్ళీ కాలేజీకి వెళ్ళేసరికి నోటీసు బోర్డు మీద ఒక జాబితా ఉంది. హాజరు చాలనివాళ్ళు పరీక్షకి పనికిరారట. అందులో మూడో పేరు నాది. గుమాస్తాగారిని అడిగితే తలెత్తకుండానే, "ఏడాది పోయినట్టేనమ్మా. మల్లీ సేరడమే" అన్నారు. మళ్ళీ చేర్చడం మా ఇంట్లో జరిగే పని కాదు. నాన్న పని దొరికినచోటికల్లా తిరిగి నన్ను చదివిస్తున్నాడు. పైగా తన చెయ్యి విరగబట్టే నా చదువు పోయిందని అమ్మకి తెలిస్తే ఆ చెయ్యిని జీవితాంతం తిట్టుకుంటుంది. ఏడుపు ఎవరికీ కనపడకూడదని తలొంచుకుని గ్రౌండుకి అడ్డంపడి గేటువైపు నడిచాను. వెనక ఎవరో విజిల్ ఊదుతున్నారు. నాకోసమని అనుకోలేదు. విజిల్ దగ్గరవుతోంది, ఆయాసపడుతోంది, మధ్యమధ్య తెగిపోతోంది. గేటు దగ్గర మా గేమ్స్ మేష్టారు నా ముందుకొచ్చి, రెండు చేతులూ నడుముమీద పెట్టుకుని వంగిపోయారు. ఆయన్ని మేమందరం విజిల్ సారనేవాళ్ళం.

"ఆగమ్మా తల్లీ!" అన్నారు ఊపిరి చిక్కాక. "ఆ చివరినుంచి పరిగెత్తుకొత్తన్నాను. నువ్వేమో నడుత్తన్నావు. నీకూ నాకూ దూరం తగ్గదేటి?"

నేను భయపడి, "తప్పయిపోయింది సార్" అన్నాను.

"తప్పు కాదు, అదృష్టం! నాకూ, నీకూ" అని అప్పుడు చెప్పారు. శ్రీకాకుళంలో కాలేజీల మధ్య ఆటల పోటీలున్నాయి. అన్నింటికీ పిల్లలు దొరికారు గానీ ఆడపిల్లల అయిదు కిలోమీటర్ల నడక పోటీకి ఒక్కరూ దొరకలేదు. కాలేజీ తరఫున వెళ్ళేవాళ్ళకి సాధన చేసిన రోజులూ, పోటీ రోజులూ హాజరులో కలుపుతారు. ఆ మాట వినగానే ఆయన కాళ్ళమీద పడబోయాను. ఆయన వెనక్కి గెంతి, "ముందు ప్రిన్సిపాల్ గారి కాళ్ళు సూసుకుందాం పద" అన్నారు. ప్రిన్సిపాల్ గారు చట్టం మనిషి. హాజరు కలుపుతానన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. ఊరికే వెళ్ళొస్తే చాలదు, పోటీ పూర్తిచేసినట్టు అక్కడివాళ్ళు సంతకం పెట్టిన కాగితం తేవాలి. "అయిదు కిలోమీటర్లే కదండీ, నడిచేస్తాను" అన్నాను ధీమాగా. విజిల్ సారు నావైపు జాలిగా చూశారు. ఎందుకో ఆ సాయంత్రం తెలిసింది.

నడక పోటీకి రెండు రూల్స్ ఉన్నాయట. ఎప్పుడూ ఒక పాదం నేలమీద ఉండి తీరాలి. ముందుకేసిన కాలు నేల తాకినప్పటినుంచి ఒంటికిందికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. ముగ్గురు జడ్జీలు తప్పుపడితే బయటికి పంపేస్తారు. ఆ రెండు రూల్సూ పాటిస్తూ వేగంగా వెళ్ళాలంటే నడుము తిప్పడం ఒక్కటే దారి. విజిల్ సారు మాటల్తో చెబితే నాకు అర్థంకాలేదు. పాపం ఆయన యాభై దాటిన మనిషి, ముందుకు కాస్త పొట్ట. విజిల్ నోట్లో పెట్టుకుని, మోచేతులు మడిచి, నడుము ఇటూ అటూ విసురుతూ గ్రౌండు చుట్టూ ఒక చుట్టు నడిచి చూపించారు. క్రికెట్ ఆడుతున్న అబ్బాయిలు బంతి వదిలేసి నేలమీద కూర్చుండిపోయారు. గ్రౌండు అంచున కట్టేసిన ఆవు కూడా మేత ఆపి చూసింది. సారు పట్టించుకోలేదు. "నవ్వేవోలు నవ్వనీ. నవ్వడానికి హాజరు ఇవ్వరు. రా, నువ్వెయ్యి" అన్నారు. వేశాను. నవ్వు రెట్టింపయింది. ఆ రోజు ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకున్నానుగానీ, మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

కాలేజీలో గంట సాధన చాలదని సారు అన్నారు. ఇంట్లో చెప్పే ధైర్యం లేదు. పొద్దున్నే చీపురుపుల్లలకని చెప్పి కొబ్బరితోటల వెనక సముద్రందారిలో నడవడం మొదలుపెట్టాను. నాలుగో రోజున మా మేనత్త చూసేసింది. ఆవిడ మా పక్కిల్లే. ఊళ్ళో ఎవరింట్లో ఎవరు తుమ్మినా ముందు ఆవిడకి తెలుస్తుంది.

"ఓలమ్మా, ఏటే గుంటా! అలగ నడుత్తన్నావేటి? నడుం పట్టేసిందేటి?"

"ఏటీ లేదత్తా, బాగానే ఉన్నాను."

"బాగుంటే అలగెందుకు ఊగుతాదే? నాకు సెప్పకు!"

మధ్యాహ్నానికి ఊరందరికీ తెలిసిపోయింది. నేను కాలేజీనుంచి వచ్చేసరికి అత్త మా వాకిట్లో కూర్చుని నాన్నతో, "అన్నయ్యా, గుంట నడుం జారిపోనాది. కళ్ళారా సూసినాను. అలల మీద తెప్పలాగ ఊగుతంది" అని చెబుతోంది. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. తన చెయ్యి విరిగినన్నాళ్ళూ బిందెలు మోసి మోసి నా నడుము పోయిందని అప్పుడే నిర్ణయానికొచ్చేసింది. ఆ సాయంత్రం నుంచి అత్త నన్ను చాపమీద బోర్లా పడుకోబెట్టి వేడి నువ్వులనూనెతో నడుమూ పిక్కలూ మర్దనా చేయడం మొదలుపెట్టింది. (నిజం చెప్పొద్దూ, స్వర్గంలా ఉండేది. గ్రౌండు చుట్టూ చక్కర్లు కొట్టిన కాళ్ళు మర్నాటికి కొత్తవైపోయేవి. పెద్ద పెద్ద ఆటగాళ్ళకి అలాంటి ఏర్పాటు ఉంటుందని తర్వాత ఎప్పుడో తెలిసింది.)

ఆదివారం గుడిలో మరీ ఇరుకున పడ్డాను. ఆరాధన అయ్యాక అత్త లేచి నిలబడి, నాకోసం అందరూ ప్రార్థన చేయాలని అడిగింది. పాస్టరు గారు నన్ను ముందుకి పిలిచి తలమీద చెయ్యి పెట్టి, "కుంటివారిని నడిపించిన దేవా, ఈ బిడ్డ నడుమును చక్కపరచుము. ఆ ఊపును తీసివేయుము" అని గట్టిగా ప్రార్థించారు. సంఘమంతా "ఆమేన్" అంది. అందరికన్నా గట్టిగా మా అమ్మ అంది. నేను కళ్ళు మూసుకుని లోపల వేరే ప్రార్థన చేసుకున్నాను: "ప్రభువా, వీళ్ళడిగింది ఇప్పుడే ఇవ్వకు. పోటీ ఇంకా పన్నెండు రోజులుంది. ఆ తర్వాత నీ ఇష్టం." కళ్ళు తెరిచేసరికి నాన్న నావైపే చూస్తున్నాడు. గోడ కట్టాక నిలువు చూసుకుంటాడే, ఆ చూపు.

సోమవారం తెల్లవారి సముద్రందారిలో మలుపు తిరిగేసరికి ఎదురుగా నాన్న, సైకిలు పట్టుకుని. తప్పించుకునే దారి లేదు.

"ప్రార్థన సేసి ఒక్క రోజైనా కాలేదు. మల్లీ మొదలెట్టినావు" అన్నాడు.

ఇంక దాచలేకపోయాను. నోటీసు బోర్డు, విజిల్ సారు, ప్రిన్సిపాల్ గారి కాగితం, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. నాన్న హ్యాండిల్ వైపు చూస్తూ విన్నాడు.

"అమ్మకి సెప్పినావా?"

"లేదు నాన్నా. తన సెయ్యి ఇరగబట్టే ఇలగయిందని ఏడుత్తాది."

"ఊఁ" అన్నాడు. సైకిలుకి స్టాండు వేశాడు. చివరికి అసలు ప్రశ్న వేశాడు. "పరిగెత్తాలా?"

"లేదు నాన్నా! పరిగెత్తితే బయటికి పంపేత్తారు."

"ఎవులు?"

"జడ్జీలు. ఒక కాలు ఎప్పుడూ నేలమీద ఉండాల. రెండూ లేసినాయంటే తప్పు."

నాన్న మొహం మెల్లగా విచ్చుకుంది. "మంచి రూలే ఎట్టినారు. సదువుకున్నోలు" అన్నాడు. తర్వాత సైకిలెక్కి, "ఊఁ, నడు. సూత్తాను" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఇద్దరు గురువులయ్యారు. విజిల్ సారు పొగుడుతూ నేర్పేవారు, నాన్న తప్పులు మాత్రమే చూసేవాడు. తడి ఇసుకమీద తన తాపీ తాడు తిన్నగా లాగి కట్టి, దాని పక్కనే నన్ను నడిపించి, వెనక వంగి వంగి అడుగులు చూసుకుంటూ వచ్చేవాడు. అడుగు పక్కకి పడితే, "గోడ పక్కకెల్లిపోతంది!" అని కేక. మోకాలు వంగితే, స్తంభం ఒరిగిపోయినట్టు, "కాలమ్ము వంగింది!" అని కేక. ఇంట్లో సంగతి బయటపడ్డాక నేను అనుకున్నట్టే అమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే రెండు గుడ్లు ఉడకబెట్టింది. అత్తకి మాత్రం వేరే దిగులు పట్టుకుంది. "మరి దేవుడికేటి సెప్పాలిప్పుడు? నాను సాక్షి సెప్పి అడిగినాను కదా!" నాన్న ఆలోచించి, "పోటీ అవనీ. తరవాత నాను మాటాడతాను" అన్నాడు, దేవుడు పక్క ఊరి కాంట్రాక్టరైనట్టు.

పోటీ రోజున విజిల్ సారుతో పాటు నాన్నా, పులిహోర డబ్బాతో అత్తా బయల్దేరారు. కోటబొమ్మాళి దాటేవరకూ అత్త నా మోకాళ్ళకి నూనె రాస్తూనే ఉంది. మైదానంలో కాలేజీవాళ్ళ ట్రాక్ ప్యాంటు ఇస్తే వేసుకున్నాను. అందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. నాన్న జేబులోంచి తాపీ తాడు తీసి రెండు మూరలు కోసి నా నడుముకి బిగించి కట్టాడు. "ఇంక జారదు" అన్నాడు. ప్యాంటు గురించో, అత్త చెప్పిన నడుము గురించో నాకు అర్థంకాలేదు.

ఏడుగురం గీతమీద నిలబడ్డాం. మైదానం చుట్టూ పన్నెండున్నర చుట్లు. తుపాకీ పేలగానే మిగతా ఆరుగురూ బాణాల్లా వెళ్ళిపోయారు. నేను ఆఖరున. జనం లోపలికి రాకుండా కట్టిన తాడు అవతల అత్త గొంతు మైకు లేకుండానే మైదానమంతా వినిపిస్తోంది. "ఓలమ్మో, ఎనకబడిపోనాది! పరిగెత్తవే గుంటా! పరిగెత్తు!" దానికి అటు పక్కనుంచి తెల్లచొక్కాలో నాన్న, "పరిగెత్తకు! పరిగెత్తకు!" మళ్ళీ అత్త, "పరిగెత్తవే!" మళ్ళీ నాన్న, "వొద్దు!" మూడో చుట్టుకల్లా జనం పోటీని వదిలేసి వీళ్ళిద్దర్నీ చూడడం మొదలుపెట్టారు. విజిల్ సారు ఇద్దరి మధ్యా నిలబడి తలపట్టుకున్నారు.

అయిదో చుట్టులో ముందున్న అమ్మాయిని జడ్జీలు బయటికి పిలిచారు. ఏడో చుట్టులో ఇంకొకరిని. నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టడంతో పాదాలు తేలికయ్యాయి, తప్పు పడింది. తొమ్మిదో చుట్టులో రెండోది. ఇంకొక్కటి పడితే నేనూ బయటికే, నా ఏడాదీ బయటికే. ఆఖరి చుట్టుకి అయిదుగురం మిగిలాం. నా ముందు నలుగురు. కడుపులో పోటు, ఒక బూటు కొరుకుతోంది, పక్కన అత్త "ఇంకెప్పుడు పరిగెడతావే!" అని ఏడుపు గొంతుతో అరుస్తోంది. నిజంగానే రెండంగలు దూకేద్దామా అనిపించింది. ఒళ్ళంతా పరుగుకి సిద్ధమైపోయింది.

అప్పుడే నాన్న తాడు కిందనుంచి దూరి మైదానం అంచున నా పక్కనే వచ్చాడు. చెప్పులు ఎక్కడో వదిలేశాడు. "పరిగెత్తకు అమ్మా! ఒక్కో అడుగూ ఎయ్యి! ఒక్కో ఇటకా ఎట్టు! పరిగెత్తకు!" అంటూ నాతో సమానంగా ఆయన పరిగెడుతున్నాడు. నాన్న పరిగెత్తడం నేను చూడడం అదే మొదటిసారి. అలా ఒక పెద్దమనిషి వట్టికాళ్ళతో పరిగెత్తడం చూసి, ఎవరికో ఏదో అయిపోయిందనుకుని ఇద్దరు వాలంటీర్లు మందుల పెట్టె పట్టుకుని ఆయన వెనక పడ్డారు. వాళ్ళ వెనక విజిల్ సారు. ఆ ఊరేగింపు చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వుతో భుజాలు వదులయ్యాయి, ఊపిరి తిన్నగా అందింది. పాదం తర్వాత పాదం నేలకి ఆనించుకుంటూ నాలుగో అమ్మాయిని దాటాను. గీత ఇంకో పది అడుగులుందనగా మూడో అమ్మాయి ఆగలేక నిజంగానే పరుగందుకుంది. జడ్జీల ఎర్రజెండా లేచింది, ఆ అమ్మాయీ బయటికే. నేను నడిచే వెళ్ళి గీత దాటాను. మూడో స్థానం.

నాన్న మోకాళ్ళమీద చేతులుపెట్టుకుని రొప్పుతూ, "రెండు కాళ్ళూ లేవలేదు కదా సారూ?" అని అడిగాడు.

"అమ్మాయివి లేవలేదు మేస్త్రీ. నీయే లేసినాయి" అన్నారు విజిల్ సారు.

అత్త మాత్రం చాలాసేపు నమ్మలేదు. తన మాట విని నేను పరిగెత్తి ఉంటే మొదటి బహుమతే వచ్చునని తిరుగు బస్సులో నిమ్మాడ దాకా వాదించి, పులిహోర తిని నా భుజం మీదే నిద్రపోయింది.

ప్రిన్సిపాల్ గారు కాగితాన్ని రెండుసార్లు చదివి హాజరు కలిపారు. పరీక్షలు రాశాను. పోటీ అయిన మొదటి ఆదివారమే నాన్న గుడిలో లేచి నిలబడి జరిగిందంతా చెప్పేశాడు, సంఘాన్ని తప్పుదారి పట్టించినందుకు క్షమాపణ అడిగాడు. పాస్టరు గారు నవ్వాపుకోవడానికి చాలా కష్టపడి, "మనం ఊపు తీసేయమన్నాం. ఆయన ఇంకాస్త ఇచ్చాడు. ఆయనకి తెలుసు" అన్నారు. ఈసారి ఆమేన్ అందరికన్నా గట్టిగా అత్త అంది.

డిగ్రీ అయ్యాక పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కావాలంటే వెళ్ళాను. ఆ యజమాని పెద్దాయన, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని నా కాగితాలు తిరగేసి, "నడకలో బహుమతేటమ్మా? నడకలో కూడా పోటీ ఎడతారేటి? ఏదీ, ఒకపాలి నడిసి సూపించు" అన్నారు. చీరలో ఉన్నాను. అయినా బల్ల దగ్గర్నుంచి గుమ్మం దాకా, గుమ్మం దగ్గర్నుంచి బల్ల దాకా మోకాలు వంచకుండా నడిచి చూపించాను. పెద్దాయన కళ్ళజోడు కళ్ళమీదికి దించుకున్నారు. తర్వాత, "ఈ షెడ్డు ఆ సివర్నుంచి ఈ సివరికి రోజుకి వందసార్లు తిరగాల. ఇప్పుడున్నోడు కుర్చీ వదలడు. రేపట్నుంచి వొచ్చీ" అన్నారు. ఆ షెడ్డులోనే పప్పు ఒలవడం, రకాలు ఏరడం, డబ్బాలకెత్తడం, మనుషుల్ని మాటతో నిలబెట్టుకోవడం నేర్చుకున్నాను. పదేళ్ళకి నాదంటూ ఒక చిన్న షెడ్డు వేశాను. దాని గోడలు నాన్నే కట్టాడు, ప్రతి గోడకీ రెండేసిసార్లు నిలువు చూసి.

ఇప్పుడు నా దగ్గర నూటికి పైగా ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. కొత్తలో నేను షెడ్డులోకి ఎప్పుడొచ్చానో ఎవరికీ తెలిసేది కాదు. కబుర్లలో ఉన్నవాళ్ళు తలెత్తేసరికి ఎదురుగా ఉండేదాన్ని. "అమ్మ నడవదే, గాల్లోంచి ఊడిపడతాది" అని వాళ్ళలో వాళ్ళు అనుకునేవారట. ఇప్పుడు మోకాళ్ళు అరిగాయి, ఒళ్ళు వచ్చింది. నాకంటే ముందు నా చెప్పుల చప్పుడు లోపలికి వెళుతుంది. అది వినగానే గుసగుసలూ నవ్వులూ గబగబా సర్దుకుంటాయి. నేను గుమ్మంలోకి వచ్చేసరికి నూరు తలలూ పప్పు మీదికి వంగి ఉంటాయి, ఎంతో శ్రద్ధగా. నాకు నవ్వొస్తుంది. అందుకని ఈమధ్య గుమ్మానికి పది అడుగుల ముందే చెప్పులు కాస్త గట్టిగా ఈడుస్తున్నాను. వాళ్ళ మాట ఏదో మంచి పట్టులో ఉంటుంది, పూర్తిచేసుకోనీ. నాకిప్పుడు తొందరేముంది.